పని ఏంటో రాయకుండా బేరం మొదలెట్టకండి: ఫ్రీలాన్స్ సైట్ల మీద పాఠకుల ప్రశ్నలు

ఆన్‌లైన్‌లో పని ఇచ్చే సైట్లు, పని దొరికే సైట్ల గురించి ఏమైనా ఉంటే అడగండి అని కిందటి నెల అన్నాం, అన్నదే తడవు మెయిల్స్ వచ్చిపడ్డాయ్. సగం మంది డబ్బులిచ్చి పని చేయించుకోబోయి విసిగిపోయినవాళ్ళు, సగం మంది ఈ పని నాకివ్వండి అని ప్రపోజల్స్ రాసి రాసి వేళ్ళరిగిపోయినవాళ్ళు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు గానీ ఈ మెయిల్స్ అన్నీ పక్కపక్కన పెట్టి చదివితే గొడవ చాలాసార్లు ఒకే చోట మొదలవుతోంది, అసలు చెయ్యాల్సిన పని ఏంటో ఇద్దరిలో ఎవరూ సరిగ్గా రాసుకోలేదు. ఈ మాట కింద జవాబుల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది, విసుక్కోకండి.

ప్రశ్న: నేను పిల్లలకి ఆన్‌లైన్‌లో డ్రాయింగ్ క్లాసులు చెప్తాను. వెబ్‌సైట్ చేయించుకుందామని ఒక ఫ్రీలాన్స్ సైట్‌లో పోస్ట్ పెట్టా. కాసేపట్లోనే ఇన్‌బాక్స్ నిండిపోయింది, కానీ అన్నీ ఒకేలా ఉన్నాయి, "మీ అవసరం జాగ్రత్తగా చదివాను, నాకు పదేళ్ళ అనుభవం ఉంది" అని. ఒకళ్ళు అడిగిన రేటుకి ఇంకొకళ్ళు అడిగిన రేటుకి పదింతల తేడా ఉంది. అందరికీ ఐదు స్టార్లే. ఎవర్ని నమ్మాలి? నేను పెట్టిన పోస్ట్ కూడా పంపిస్తున్నా: "మంచి వెబ్‌సైట్ కావాలి. మోడర్న్‌గా ఉండాలి. బడ్జెట్ మాట్లాడుకుందాం."

జవాబు: పోస్ట్ పంపించి మంచి పని చేశారండీ, జవాబంతా అందులోనే ఉంది. మూడు ముక్కల పోస్ట్‌కి కాపీ పేస్ట్ ప్రపోజల్ తప్ప ఇంకేం వస్తుంది చెప్పండి, జాగ్రత్తగా చదవడానికి అందులో ఏముందని? రేట్లలో పదింతల తేడా కూడా అందుకే, ఒకాయన ఒక్క పేజీ అనుకున్నాడు, ఇంకొకాయన ఆన్‌లైన్ పేమెంట్లు, స్టూడెంట్ లాగిన్లు అన్నీ కలిపి లెక్కేశాడు. ఇద్దరిదీ తప్పు కాదు.

ఆ పోస్ట్ తీసేసి ఇలా పెట్టి చూడండి: "డ్రాయింగ్ క్లాసుల కోసం నాలుగు పేజీల సైట్ కావాలి. హోమ్, క్లాసుల టైమింగ్స్, పిల్లలు వేసిన బొమ్మల గ్యాలరీ, కాంటాక్ట్ ఫామ్. మ్యాటర్, ఫొటోలు నేనే ఇస్తాను. వర్డ్‌ప్రెస్‌లో చెయ్యాలి, తర్వాత టైమింగ్స్ నేనే మార్చుకోగలగాలి. ఫోన్‌లో చక్కగా కనపడాలి, ఎందుకంటే పేరెంట్స్ అందరూ ఫోన్లోనే చూస్తారు. పేమెంట్ గేట్‌వే, లాగిన్లు ఇప్పుడు వద్దు. రెండుసార్లు మార్పులు అడుగుతాను. మూడు వారాల్లో కావాలి." ఏం వద్దో రాయడం కూడా ముఖ్యం, చాలామంది అది వదిలేస్తారు, తర్వాత అక్కడే పేచీ. చివర్లో కాపీ పేస్ట్‌కి లొంగని ప్రశ్న ఒకటి పెట్టండి, మీకు నచ్చిన సైట్ లింక్ ఇచ్చి "ఇందులో నా పనికి అక్కర్లేనిది ఒక్కటి చెప్పండి" అని అడగండి. దానికి జవాబు రాయని ప్రపోజల్స్ అన్నీ చదవకుండానే పక్కన పెట్టేయొచ్చు.

ఇక స్టార్ల సంగతి. ఈ సైట్లలో ఐదుకి నాలుగున్నర అంటేనే ఏదో తేడా ఉందన్నట్టు చూస్తారు, కాబట్టి అందరికీ ఐదే ఉంటాయి, స్టార్ల వల్ల మీకు తెలిసేది తక్కువ. స్టార్లు చూడ్డం మానేసి రివ్యూల్లో రాసిన మాటలు చదవండి, అందులోనూ కాస్త తక్కువ రేటింగ్ వచ్చిన చోట ఏమైందో, దానికి ఆ మనిషి ఏం జవాబిచ్చాడో చూడండి. క్లయింట్‌ని తిట్టి పోశాడా, జరిగింది చెప్పాడా? ఈ ఆర్నెల్లలో మీలాంటి పని చేశాడా లేదా అన్నది చూడండి, నాలుగేళ్ళ కింద చేసిన లోగోలు మీ వెబ్‌సైట్‌కి పనికిరావు. పోర్ట్‌ఫోలియోలో (చేసిన పనులు చూపించుకునే చోట) బొమ్మలు మరీ బాగుంటే గూగుల్‌లో ఇమేజ్ సెర్చ్ కొట్టండి, వేరేవాళ్ళ పని తెచ్చి తనదని పెట్టుకునేవాళ్ళు తక్కువేం లేరు. కాల్‌లో మాట్లాడేటప్పుడు "పని మీరే చేస్తారా, మీ టీమ్‌లో ఎవరైనా చేస్తారా" అని మొహమాటం లేకుండా అడిగేయండి. టీమ్ చేస్తే తప్పు లేదు, మాట్లాడేది ఒకళ్ళు చేసేది ఇంకొకళ్ళు అయినప్పుడు ఆ సంగతి మనకి ముందే తెలియాలి అంతే.

డబ్బు మొత్తం ఒకే ముద్దగా పెట్టకండి. పనిని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఇంత అని మైల్‌స్టోన్లు చెయ్యండి, మొదటి మైల్‌స్టోన్ హోమ్ పేజీ మాత్రమే. ఇద్దరు నచ్చితే ఇద్దరికీ చిన్న పని డబ్బులిచ్చి చేయించి చూడండి (ఫ్రీగా శాంపిల్ అడగొద్దు, మంచివాళ్ళు చెయ్యరు, చేసేవాళ్ళు మీకు అక్కర్లేదు). మైల్‌స్టోన్‌కి మీరు కట్టే డబ్బు ఎస్క్రోలో, అంటే సైట్ దగ్గర ఆగి ఉంటుంది, పని చూసి మీరు సరే అన్నాకే అవతలివాళ్ళకి వెళ్తుంది. కానీ ఒక మెలిక ఉంది. అప్‌వర్క్ అనే ఫ్రీలాన్స్ సైట్‌లో ఫిక్స్‌డ్ ప్రైస్ (మొత్తం పనికి ఇంత అని ముందే ఒప్పుకున్న) పని సబ్మిట్ చేశాక 14 రోజులు మీరు ఏమీ అనకపోతే డబ్బు దానంతటదే రిలీజ్ అయిపోతుంది, ఫైవర్ అనే ఇంకో సైట్‌లో అయితే డెలివరీ ఇచ్చాక 3 రోజులకే ఆర్డర్ కంప్లీట్ అయినట్టు లెక్క. ఊరెళ్ళాను, తర్వాత చూస్తాను అంటే కుదరదు, పూర్తిగా చూడకపోయినా కనీసం మార్పులు అడిగే బటన్ నొక్కి "ఇంకా పూర్తిగా చూడలేదు, మార్పులు ఉన్నాయి" అని రాయండి.

ఇంకొక్కటి, ఇది చాలామంది నెత్తిన పెట్టుకున్న తలనొప్పి. డొమైన్ (సైట్ అడ్రస్), హోస్టింగ్ (సైట్ ఫైల్స్ ఉండే చోటు) మీ మెయిల్ ఐడీతో, మీ కార్డుతో మీరే కొనండి. "నేను చూసుకుంటాలెండి" అని ఫ్రీలాన్సర్ తన పేరు మీద కొంటే ఏడాది తర్వాత రెన్యువల్ టైమ్‌కి ఆ మనిషి దొరక్కపోతే మీ సైట్ మీది కాదు. మీ పాస్‌వర్డ్ ఇవ్వకండి, వర్డ్‌ప్రెస్‌లో ఆయనకి వేరే యూజర్ ఐడీ చేసివ్వండి, పని అయ్యాక తీసేయండి.

ప్రశ్న: గ్రాఫిక్ డిజైన్, వీడియో ఎడిటింగ్, కంటెంట్ రైటింగ్, డేటా ఎంట్రీ అన్నీ వచ్చు నాకు. ఏడాదిగా ప్రపోజల్స్ పెడుతున్నా, కనెక్ట్స్ (అప్‌వర్క్‌లో ప్రపోజల్ పెట్టడానికి ఖర్చయ్యే టోకెన్లు) కొని కొని జేబు ఖాళీ అవుతోంది తప్ప ఒక్క రిప్లై లేదు. రేటు బాగా తగ్గించా, అయినా లాభం లేదు. నా ప్రపోజల్ ఒకటి పంపిస్తున్నా, ఏఐతో రాయించొచ్చా? కొత్తవాళ్ళకి ఇక్కడ చోటు లేదా అన్నా?

జవాబు: చోటు ఉంది తమ్ముడూ, కానీ "అన్నీ వచ్చు" అనేవాళ్ళకి లేదు. క్లయింట్ వైపు నించి ఆలోచించు, ఆయనకి కావాల్సింది పాడ్‌కాస్ట్ వీడియోలోంచి చిన్న క్లిప్పులు కట్ చేసేవాళ్ళు, నీ ప్రొఫైల్ తెరిస్తే డేటా ఎంట్రీ కనపడుతోంది, మూసేసి పక్కవాడి దగ్గరికి పోతాడు. నాలుగింట్లో ఒకటి పట్టుకో, అందులో కూడా ఒక మూల పట్టుకో. వీడియో ఎడిటింగ్ అనకు, "ఇంటర్వ్యూ వీడియోల నించి సబ్‌టైటిల్స్‌తో నిలువు క్లిప్పులు చేస్తాను" అను. వినడానికి చిన్నదిగా ఉంటుంది, వెతికేవాడికి మాత్రం అదే దొరుకుతుంది.

క్లయింట్లు లేరని పోర్ట్‌ఫోలియో ఖాళీగా పెట్టడం ఇంకో పొరపాటు. నువ్వే ఒక ఉత్తుత్తి పని పెట్టుకో, మీ ఫ్రెండ్ మాట్లాడిన పావుగంట వీడియో తీసుకుని మూడు క్లిప్పులు చేసి పెట్టు, కింద "ఇది ప్రాక్టీస్ కోసం చేసింది" అని నిజం రాసెయ్. ఎవరూ చిన్నచూపు చూడరు, పని కనపడింది కదా అనే చూస్తారు.

ఇప్పుడు ప్రపోజల్. నువ్వు పంపిన దాన్లో మొదటి రెండు లైన్లు ఇవి: "డియర్ సర్, నేను కష్టపడి పని చేసే మనిషిని, త్వరగా నేర్చుకుంటాను. మీ ప్రాజెక్ట్ చూసి చాలా ఉత్సాహంగా అనిపించింది." క్లయింట్ లిస్టులో చూసేటప్పుడు ఆయనకి కనపడేదే ఆ మొదటి రెండు లైన్లు, మిగతాది క్లిక్ చేస్తేనే. ఆ బంగారం లాంటి చోటుని నీ గుణగణాలకి ఖర్చు పెట్టేశావ్. దాని బదులు ఇలా రాయి: "మీ లాస్ట్ ఎపిసోడ్ చూశాను, పన్నెండో నిమిషం దగ్గర గెస్ట్ తన మొదటి ఉద్యోగం పోయిన సంగతి చెప్పిన ముక్క క్లిప్‌గా బాగా పనికొస్తుంది, 40 సెకన్లలో కుదురుతుంది. ఇలాంటివే నేను చేసిన మూడు కింద లింక్‌లో ఉన్నాయి." అంతే, ఆ తర్వాత ఎన్ని రోజుల్లో ఇస్తావో, ఎంతకి ఇస్తావో, ఒక ప్రశ్న, సంతకం. ఏఐతో రాయించొచ్చా అని కూడా అడిగావు, గ్రామర్ సరిచేయించుకో ఫర్వాలేదు, కానీ ఆ పన్నెండో నిమిషం సంగతి నువ్వు వీడియో చూస్తేనే వస్తుంది, అందరూ ఏఐతో రాయించుకుంటున్నారు కాబట్టే ఇప్పుడు అలాంటి లైన్‌కి ఇంకా విలువ పెరిగింది.

కనెక్ట్స్ ఊరికే తగలెయ్యకుండా ఉండాలంటే అప్లై చేసే ముందు క్లయింట్ హిస్టరీ చూడు. పేమెంట్ వెరిఫైడ్ అని ఉందా, ఇంతకుముందు ఎంతమందిని హైర్ చేశాడు, పాత ఫ్రీలాన్సర్లు ఆయన గురించి ఏం రాశారు. ఇరవై పోస్టులు పెట్టి ఒక్కళ్ళని కూడా తీసుకోని మనిషికి నీ కనెక్ట్స్ దేనికి దండగ? పోస్ట్ పడి చాలా రోజులైతే, ఆల్రెడీ ఇంటర్వ్యూలు నడుస్తుంటే వదిలెయ్. రోజుకి పది విసిరే బదులు ఒకటో రెండో కుదురుగా రాయి. రేటు తగ్గించడం గురించి మాత్రం నాకు గట్టి అభిప్రాయమే ఉంది, అడుగున రేటు పెడితే అడుగున ఉన్న క్లయింట్లే వస్తారు, తక్కువ డబ్బిచ్చేవాళ్ళే ఎక్కువ మార్పులు అడుగుతారు. మొదటి ఒకటి రెండు పనులకి కాస్త తగ్గించుకో, అంతే.

అప్లై చేసి చేసి విసుగొస్తే రెండో పద్ధతి కూడా ఉంది. అప్‌వర్క్‌లో క్లయింట్ పని పోస్ట్ చేస్తాడు, మనం వెంటపడాలి. 2010లో మొదలైన ఫైవర్‌లో అది తిరగేసి ఉంటుంది, మనం "ఈ పని ఇంతకి చేస్తాను" అని గిగ్ పెట్టుకుంటే కొనేవాడే వెతుక్కుంటూ వస్తాడు (5 డాలర్ల పనులతో మొదలైంది, పేరు కూడా అందుకే). నువ్వు చేసేది ఒకటే రకం పని, ప్రతిసారీ ఒకేలా ఉంటుంది అంటే గిగ్ నయం. ప్రతి క్లయింట్‌కీ వేరేగా ఉండే పనైతే ప్రపోజల్ దారే మంచిది.

ప్రశ్న: ఒక క్లయింట్ ఇంటర్వ్యూ టెలిగ్రామ్‌లో చేద్దామన్నాడు, సెలెక్ట్ అయ్యారు గానీ సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి, పని అయ్యాక తిరిగిచ్చేస్తాం అంటున్నాడు. జీతం చాలా ఎక్కువ. కట్టొచ్చా మేడమ్?

జవాబు: కట్టకమ్మా, బ్లాక్ చేసి సైట్ వాళ్ళకి రిపోర్ట్ కొట్టు. పని ఇచ్చేవాడు మనకి డబ్బివ్వాలి, మనం వాడికి కట్టడం ఏంటి. పేరు ఏదైనా కానీ, డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు, డబ్బు కట్టమన్న మాట నీ వైపు వచ్చిందంటే అది మోసమే.

ఇవి తెలిసిన మోసాలే, కొత్తగా వస్తున్నవి రెండు చెప్తాను. ఒకటి, ప్రోగ్రామర్లకి "టెస్ట్" పేరుతో ఒక కోడ్ ప్రాజెక్ట్ పంపించి మీ కంప్యూటర్‌లో రన్ చేసి చూడండి అంటారు, లోపల పాస్‌వర్డులు, క్రిప్టో వ్యాలెట్లు దోచేసే మాల్వేర్ ఉంటుంది. సెక్యూరిటీ రీసెర్చర్లు 2023లోనే దీనికి కంటేజియస్ ఇంటర్వ్యూ అని పేరు పెట్టారు. తెలియనివాళ్ళ కోడ్ మీ రోజువారీ సిస్టమ్‌లో రన్ చెయ్యకండి, వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే విడిగా నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది) చెయ్యండి లేదా చదివి వదిలేయండి. డిజైనర్లకైతే "రిఫరెన్స్ ఫైల్స్" అని జిప్ వస్తుంది, విప్పితే అందులో బొమ్మ బదులు ఈఎక్స్ఈ ఫైల్ (తెరిస్తే రన్ అయ్యే ప్రోగ్రామ్) ఉంటుంది, తెరవకండి.

రెండోది ఇంకా తియ్యగా ఉంటుంది, "మీ అకౌంట్ మాకు అద్దెకివ్వండి, పని మేం చేసుకుంటాం, మీకు నెలనెలా ఇంత". మీ పేరు, మీ ఐడీ కార్డు, మీ బ్యాంకు, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ పని. అకౌంట్ పర్మనెంట్‌గా పోవడం ఒక్కటే అయితే ఫర్వాలేదనుకోవచ్చు, ఉత్తర కొరియా ఐటీ వర్కర్లు ఇలా వేరేవాళ్ళ పేర్ల మీద రిమోట్ పనులు చేసిన కేసుల్లో అమెరికా న్యాయశాఖ 2024లో సాయం చేసినవాళ్ళ మీద కూడా కేసులు పెట్టింది. ఆ నెలనెలా వచ్చే ముష్టికి ఇంత తద్దినం ఎందుకు?

ప్రశ్న: రెండు ప్రాజెక్టులు అయ్యాక క్లయింట్ "సైట్ ఫీజు ఇద్దరికీ దండగ, నేరుగా పంపిస్తాను" అంటున్నాడు. మంచి మనిషే. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఫీజు బాధ నిజమే. ఫైవర్ అమ్మేవాళ్ళ దగ్గర 20 శాతం తీసుకుంటుంది, కొనేవాళ్ళ దగ్గర మళ్ళీ వేరే. అప్‌వర్క్ 2023లో అందరికీ 10 శాతం చేసింది, 2025 మే నించి కొత్త కాంట్రాక్టులకి పనిని బట్టి 0 నించి 15 శాతం దాకా అంటోంది. ఫ్రీలాన్సర్ డాట్ కామ్‌లో ఫిక్స్‌డ్ ప్రైస్ పనికి 10 శాతం, అదీ పని ఒప్పుకున్నప్పుడే కట్ అయిపోతుంది, క్లయింట్ డబ్బిచ్చినా ఇవ్వకపోయినా. ఈ ఆఖరిది తెలియక ఒప్పేసుకుని లబోదిబోమన్నవాళ్ళు ఉన్నారు.

అయినా సరే బయటికి వెళ్ళొద్దు. అప్‌వర్క్ రూల్ ప్రకారం సైట్‌లో పరిచయమైన క్లయింట్‌తో రెండేళ్ళ దాకా సైట్ ద్వారానే లావాదేవీలు చెయ్యాలి, ముందే బయటికి వెళ్ళాలంటే కన్వర్షన్ ఫీజు అని కట్టి వెళ్ళొచ్చు. ఫైవర్‌లో అయితే చాట్‌లో ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ ఇచ్చినా వార్నింగ్ వస్తుంది. దొరికితే అకౌంట్ పోతుంది, అంటే ఇన్నాళ్ళూ కూడబెట్టుకున్న రివ్యూలన్నీ పోతాయి. క్లయింట్ మంచివాడే కావొచ్చు, కానీ ఆయన కంపెనీలో బడ్జెట్ ఆగిపోతే మంచితనంతో డబ్బులు రావు, ఎస్క్రో లేని చోట మీరు ఎవర్ని అడుగుతారు? ఫీజు ఎక్కువనిపిస్తే మీ రేటులో అది కలిపి కోట్ చెయ్యండి, చాలామంది చేసేది అదే.

ప్రశ్న: గంటల లెక్కన పని ఇస్తే ఊరికే కూర్చుని గంటలు వేసేస్తారేమో అని భయం. గంటలు లెక్కపెట్టే ట్రాకర్ యాప్ స్క్రీన్‌షాట్లు తీస్తుందంట, అది చూస్తే చాలా?

జవాబు: అప్‌వర్క్ యాప్ పది నిమిషాలకొకసారి, ఎప్పుడన్నది చెప్పకుండా, స్క్రీన్‌షాట్ తీస్తుంది, కీబోర్డ్ మౌస్ ఎంత కదిలాయో లెక్క పెడుతుంది. కానీ కూర్చుని వాటిని లెక్కపెట్టడం మొదలెడితే మీకూ టైమ్ వేస్టు, అవతలి మనిషికీ చిరాకు. ఆలోచించే పనిలో మౌస్ కదలదండీ. అసలు పనికొచ్చేది వారానికి గంటల లిమిట్, అది మీరే పెట్టొచ్చు, మొదటి వారం ఐదు గంటలు పెట్టి ఆ ఐదు గంటల్లో ఏం వచ్చిందో చూడండి. బిల్లు వారం సోమవారం నించి ఆదివారం దాకా, మర్నాటి నించి శుక్రవారం దాకా మీరు చూసి అభ్యంతరం చెప్పుకోవచ్చు, క్యాలెండర్‌లో పెట్టుకోండి.

పని చేసేవాళ్ళకి కూడా ఒక మాట, ట్రాకర్ లేకుండా చేత్తో ఎక్కించిన గంటలకి అప్‌వర్క్ పేమెంట్ గ్యారంటీ వర్తించదు. ట్రాకర్ మీద కోపం ఉన్నా సరే, కొత్త క్లయింట్ దగ్గర మాత్రం ఆన్ చేసుకోండి, మెమో దగ్గర "వర్క్" అని కాకుండా ఏం చేస్తున్నారో రాయండి.

ప్రశ్న: లోగో ఇచ్చేశాను, ఫైనల్ అన్నారు. ఇప్పుడు రోజూ "ఇంకొక్క చిన్న మార్పు" అంటున్నారు. కాదంటే బ్యాడ్ రివ్యూ ఇస్తానని బెదిరింపు.

జవాబు: ముందు ఆ బెదిరింపుని సైట్ మెసేజ్ బాక్స్‌లోనే రాతలో ఉండనివ్వండి, కాల్‌లో అంటే "మీరు ఇందాక అన్నట్టు" అని మీరే మెసేజ్ పెట్టి జవాబు రప్పించండి. రివ్యూ పేరు చెప్పి ఫ్రీ పని అడగడం సైట్ల రూల్స్‌కి విరుద్ధం, ఆ మెసేజ్ చూపించి సపోర్ట్‌కి రాస్తే ఆధారం ఉంటుంది. తర్వాత మర్యాదగా, "ఒప్పుకున్న మార్పులు అయిపోయాయండీ, ఇది కొత్త మైల్‌స్టోన్ కింద చేస్తాను, ఇంత అవుతుంది" అని పెట్టండి. చాలామంది అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే ఆ మార్పు వాళ్ళకి నిజంగా అంత అవసరం కాదు. వచ్చేసారి ఎన్ని మార్పులో కాంట్రాక్ట్‌లో అంకె వేయండి, "సంతృప్తి కలిగే వరకు" అని మాత్రం ఛస్తే రాయకండి.

ప్రశ్న: డబ్బు కట్టి చేయించుకున్న లోగో నాదేనా? రేపు ఇంకెవరైనా మాదంటే?

జవాబు: అప్‌వర్క్‌లో వేరేగా రాసుకోకపోతే పూర్తి డబ్బు చెల్లించాక హక్కులు క్లయింట్‌కి వస్తాయి. కానీ డిజైనర్ తనది కానిది మీకు ఎలా ఇస్తాడు? స్టాక్ బొమ్మ (ఎవరికైనా అమ్మే రెడీమేడ్ బొమ్మ) అతికించినా, ఫాంట్ లైసెన్సు లేకుండా వాడినా తలనొప్పి మీదే. అందుకే ముందే అడగండి, ఏ ఫాంట్, స్టాక్ వాడారా, ఏఐతో చేశారా అని. జేపీజీ ఒక్కటి తీసుకుని ఊరుకోకండి, ఎడిట్ చేసుకునే సోర్స్ ఫైల్ తీసుకోండి, అది కావాలని పోస్ట్‌లోనే రాయండి.

ప్రశ్న: డిజైన్ కాంటెస్టుల్లో దిగొచ్చా? గెలిస్తే డబ్బు బాగుంది.

జవాబు: 2008లో ఆస్ట్రేలియాలో మొదలైన నైంటీనైన్ డిజైన్స్ లాంటి చోట్ల పద్ధతి ఏంటంటే చాలామంది చేస్తారు, బహుమతి గెలిచినవాళ్ళకే. చదువుకునే రోజుల్లో చెయ్యి తిరగడానికి ఒకటి రెండు దిగండి, ఓడిపోయిన డిజైన్లు క్లయింట్ పేరు మార్చేసి పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోండి, నష్టం లేదు. నెల గడవాల్సిన డబ్బు కోసమైతే వద్దు. దిగేటప్పుడు "గ్యారంటీడ్" అని రాసి ఉన్న కాంటెస్టులే చూసుకోండి, లేకపోతే క్లయింట్ ఎవర్నీ ఎంచుకోకుండా డబ్బు వెనక్కి తీసుకునే వీలుంటుంది.